నల్లగుండు పలికిన పొద్దు

మా మిద్దె మీద నిలబడితే గుట్ట చెయ్యి చాస్తే అందేటట్టు కనిపిస్తుంది. పెద్ద గుట్టేమీ కాదు. బళ్ళారి పక్కనున్న సంగనకల్లు గుట్టల వరసలో చివరిది, మా ఊరి బడి వెనకకు వచ్చి ఆగిపోయింది. ఎవరో తీరిగ్గా పేర్చినట్టు ఒకదాని మీద ఒకటి గుండ్లు. వాటి సందుల్లో సీతాఫలం చెట్లు, బొమ్మజెముడు పొదలు. ఇంటి నుంచి బడి దాకా నడిచి, అక్కడ కాలిబాట పట్టుకుంటే పావుగంటలో పైన ఉంటాను.

ఊళ్ళో ఎక్కడికి పోవాలన్నా నాకు భయమే. బావి దగ్గర నలుగురు ఆడవాళ్ళుంటే వాళ్ళు వెళ్ళిపోయేదాకా బిందెతో గోడవారన నిలబడతాను. ఎవరైనా నా పేరు అడిగితే, రామసుబ్బమ్మ అని చెప్పేలోపల వాళ్ళు నాలుగడుగులు ముందుకు పోయి ఉంటారు. గుట్ట మీద ఎవరూ ఏమీ అడగరు. అందుకే చిన్నప్పటి నుంచి బడి విడవగానే అక్కడికే పోయేదాన్ని.

ఎనిమిదో తరగతితో మా ఊరి చదువు అయిపోయింది. ఆ ఎండాకాలమే పెద్దమనిషినయ్యాను. తొమ్మిది రోజులు మూలన కూర్చోబెట్టి కొబ్బరీ బెల్లమూ తినిపించి, పదో రోజు తలకు పోసి బయటికి తీసుకొచ్చాక అమ్మ మొదట చెప్పిన మాట, “ఇంక గుట్టా గిట్టా లేదు.”

నేను ఎదురు చెప్పలేదు. అన్నం సగంలో లేచిపోయేదాన్ని, అంతే. మా నాయన సుబ్బరామి ఆ రోజుల్లో సిరుగుప్ప దగ్గర మేనమామల కాలువ పొలం చూసుకుంటూ పది రోజులకొకసారి వచ్చేవాడు. ఇంట్లో మాటంతా అమ్మదే. నెల రోజులు చూసి నాయనమ్మ రామక్క కల్పించుకుంది. ఆమెను నేను అవ్వా అంటాను.

“ఏ దయ్యం పడ్తాదని పాపను కట్టేసినావే నాగలక్ష్మీ? దాని వయసులో నేను ఈ ఇంటి గొడ్లు తోలుకొని ఆ గుట్టంతా తిరిగినా.”

“నీ కాలం వేరే అత్తా.”

“కాలం వేరేనే. గుట్ట అదే గదా?”

అమ్మ చేతిలోని చేట కింద పెట్టింది. తర్వాత నా వైపు తిరిగింది. “దురుగమ్మ మేకలు తోలుకొని వచ్చేదాకానే. ఆమె కనపడేంత దూరంలో ఉండల్ల. నేను మిద్దెక్కి పిలుస్తా. పిలిస్తే పలకల్ల. ఒక్క పొద్దు పలకలేదా, అదే కడ.”

మా పక్క ఇది మామూలే. చేలో ఉన్నవాళ్ళను అన్నానికి పిలవాలన్నా, వాగు అవతలి వాళ్ళకు చుట్టాలొచ్చారని చెప్పాలన్నా ఆడవాళ్ళు మిద్దెక్కి, చేతులు నోటి పక్కన పెట్టుకుని ఒక్క కేక వేస్తారు. అవతలి నుంచి ‘ఓ...య్’ అని వస్తుంది. ఊళ్ళో మిద్దె కేకకు పలకలేనిది నేనొక్కదాన్నే అనుకుంటాను.

మొదటి సాయంత్రం అమ్మ గొంతు గుట్ట మీదికి తేటగా వచ్చింది. “సుబ్బీ... ఓ సుబ్బీ...”

నేనూ చేతులు నోటి పక్కన పెట్టుకుని ఓయ్ అన్నాను. ఎదురుగా గుండు మీద ఎండ కాచుకుంటున్న తొండ తల కూడా తిప్పలేదు. చివరికి నా బదులు దురుగమ్మ పలికింది. ఇంటికి వెళ్ళేసరికి అమ్మ గుమ్మంలోనే ఉంది.

“దురుగమ్మ గొంతు నాకు తెలీదనుకున్నావా? నేను కన్నది ఆమెనా, నిన్నా? రేపొక్క పొద్దు చూస్తా.”

మరునాడు ఈ సంగతి చెబితే దురుగమ్మ నడుము మీద చేతులు పెట్టుకుని నవ్వింది. ఆమె కన్నడం మనిషి, మా అవ్వ వయసుది. మాతో మాట్లాడేటప్పుడు సగం తెలుగు కలుపుతుంది.

“అయ్యో దేవరే! గొంతు లేకుంటే ఏమాయె? బా ఇల్లి,” అని చెయ్యి పట్టుకుని గుట్ట అంచున ఉన్న ఒక నల్లగుండు దగ్గరికి తీసుకుపోయింది. మిగతా గుండ్లన్నీ ఎర్రగా, గరుకుగా ఉంటే ఇదొక్కటి కాలిన బాన లాగా నల్లగా నున్నగా ఉంది. దాని వీపు మీద చిన్న చిన్న గుంటలు ఉన్నాయి. గుప్పెట్లో పట్టే రాయి ఒకటి ఇచ్చి, ఆ గుంటలో కొట్టమంది. కొట్టాను. రాయి చప్పుడు కాదు అది. ఇనుము మోగినట్టు మోగింది. గుట్ట కింద గడ్డిలోంచి పిట్టలు లేచాయి.

“మా అత్త కాలంలో తోడేలు కనపడితే దీన్ని కొట్టి గొర్రెలు కాసే కురుబోళ్ళను పిలుస్తాండ్రి. ఇప్పుడు తోడేలూ లేదు, కొట్టేటోళ్ళూ లేరు. నువ్వు కొట్టు పాపా.”

ఆ సాయంత్రం అమ్మ పిలిచినప్పుడు మూడు దెబ్బలు కొట్టాను. అమ్మకు నచ్చజెప్పడానికి అవ్వకు రాత్రి భోజనాల దాకా పట్టింది. చివరికి అమ్మ అంది, “మూడు దెబ్బలు. రెండు కాదు, నాలుగు కాదు. మూడు కొడితేనే అది నా కూతురు.”

ఆ తర్వాతి నెలన్నర నాకు పండుగే. సాయంత్రం పూట మేకల మెడగంటల్లో, బండ్ల చప్పుళ్ళలో నా మూడు దెబ్బలు అమ్మకు తప్ప ఎవరికీ పట్టేవి కావు. గుట్ట మీద నాకొక చోటు ఉంది. అక్కడి బండ మీద ఎవరో ఎప్పుడో నూరి నూరి చేసిన పొడుగాటి గాడులు ఉన్నాయి. ఒక గాడిలో కాలు చాపుకుంటే సరిగ్గా సరిపోతుంది. పక్క గుండు మీద కొమ్ములు తిరిగిన ఎద్దు బొమ్మ చెక్కి ఉంది. దాన్ని చెక్కిందెవరని దురుగమ్మను అడిగితే, “నాకంటే ముందు మేకలు కాసినోళ్ళు,” అంది. వాన పడి వెలిసినప్పుడు బండ వేడికి లేచే ఆవిరి వాసన, బలుసు పండ్ల పులుపు, కౌజుపిట్టలు ఒకదాన్ని ఒకటి రెచ్చగొట్టినట్టు అరిచే అరుపు. సండూరులో లారీల దగ్గర పనిచేసే మా చిన్నాన్న ఒక డైరీ ఇచ్చాడు. ప్రతిరోజూ అందులో ఆ పూట చూసినవి రాసుకునేదాన్ని. కొన్ని రోజులు ఒక్క మాటే రాశాను. ముళ్ళపంది ముల్లు దొరికింది. అంతే.

ఇప్పుడు బడి గంట సంగతి చెప్పాలి. మా ఊళ్ళో చేతి గడియారం వీరభద్రప్ప మేష్టరుకు ఒక్కరికే ఉంది. బడి ముందర చింతచెట్టుకు రైలు పట్టా ముక్క ఒకటి వేలాడుతుంది. దాన్ని ఇనుప కడ్డీతో కొట్టేది మారన్న తాత. పద్నాలుగేళ్ళుగా ఆ పని ఆయనదే. మేష్టరు ఊళ్ళో లేనిరోజు ఆయన అరుగు మీది స్తంభం నీడ చూసి కొడతాడు. నీడ మూడో బండ అంచు తాకితే బడి విడిచే గంట. దాన్ని ఆగకుండా వంద దాకా కొడతాడు. ఊరి కూలి పొద్దు కూడా ఆ గంటే. అది వినబడగానే కలుపు తీసే ఆడవాళ్ళు నడుములెత్తి, చీరెలు దులుపుకుని గట్టెక్కుతారు. రైతు ఇంకొక్క సాలు అని బతిమాలినా ఉండరు. గంట కాకముందు ఎవరైనా లేస్తే రైతు ఊరుకోడు. ఈ కట్టుబాటు ఎవరు పెట్టారో తెలియదు, నాకు ఊహ తెలిసినప్పటి నుంచి ఇంతే.

శ్రావణ మాసంలో నాలుగు రోజులు ముసురు పట్టింది. అయిదో రోజు ఎండ కాసింది. అమ్మ చెమ్మ పట్టిన జొన్నలు మిద్దె మీద ఆరబోసి, నా ముఖం చూసి, “పో. పిలిస్తే పలుకు,” అంది. మధ్యాహ్నం పూట పోవడం అదే మొదలు.

దురుగమ్మ మేకలు దూరంగా అవతలి వాలులో మేస్తున్నాయి. పైన బండ గుంటలన్నీ నిండి ఉన్నాయి. ఒక గుంట దగ్గర బోర్లా పడుకుని నీళ్ళలోకి చూస్తూ ఉన్నాను. తోకకప్పలు చింతగింజలంత ఉన్నాయి. నా నీడ పడితే అడుక్కు పోతాయి, నీడ తీస్తే పైకి వస్తాయి. కాసేపటికి నీడ తీసినా అవి పైకి రాలేదు. తలెత్తి చూస్తే ఎండే లేదు. పడమటి వైపంతా మబ్బు కమ్ముకుని వస్తోంది. గాలి లేచింది.

“సుబ్బీ... ఓ సుబ్బీ...”

పరిగెత్తి నల్లగుండు మీద మూడు దెబ్బలు కొట్టాను. మళ్ళీ పిలుపు. మళ్ళీ మూడు. గాలి ఊరి వైపు నుంచి గుట్ట మీదికి వీస్తోంది. అమ్మ మాట నాకు వినబడుతోంది, నా రాయి అమ్మకు వినబడడం లేదు. అది నాకు అప్పుడు తోచలేదు. ఈసారి అమ్మ గొంతు మారింది. దూడ తప్పిపోయినప్పుడు పిలిచే గొంతు అది. ఒక్క పొద్దు పలకలేదా అదే కడ అన్న మాట చెవుల్లో తిరిగింది. రెండు చేతులా రాయి పట్టుకుని, లెక్క మర్చిపోయి, ఆగకుండా కొట్టాను. భుజాలు లాగేదాకా కొట్టాను.

కింద బడిలోంచి హోరుమని పిల్లలు బయటపడ్డారు, పలకలు నెత్తిన పెట్టుకుని. బడి విడిచే వేళ అయిందనుకున్నాను.

నేను ఇల్లు చేరేసరికి వాన పడుతోంది. జొన్నలు సగం తడిశాయి. “ఎందుకు పలకలేదే?” అంది అమ్మ. శానాసేపు కొట్టినానమ్మా అంటే నమ్మలేదు.

చీకటి పడకముందు మజ్జిగ కోసం సిద్దక్క వచ్చింది. బసప్ప వేరుశెనగ చేలో కలుపుకు పోయే మనిషి. ఆ చేను గుట్టకు అవతలి వైపు ఉంటుంది.

“ఈ పొద్దు మాకు పండగే నాగలక్ష్మక్కా! మారన్న మూడింటికే గంట కొట్టేసినాడు. మేష్ట్రు బళ్ళారికి పోయినాడంట, మబ్బుకు నీడ లేదంట. మేం లేసి ఇంటిదోవ పడ్తిమి. వెనకాలనే వాన. బసప్ప బడి కాడికి పొయ్యి మారన్నను ఒకటే తిట్టేది!”

మజ్జిగ పోస్తున్న అమ్మ చెయ్యి ఆగింది. సిద్దక్క వెళ్ళాక నన్ను చూసింది. “అది నువ్వేనా?”

తల ఊపాను.

“నోరెత్తొద్దు. ఈడొచ్చిన పిల్ల గుట్ట మీద రాళ్ళు కొట్టుకుంటా కూర్చుంటాదని ఊరంతా అనల్లనా? నలుగురి నోట పడితే ఇంక నిన్ను గడప దాటించేది లేదు. రెండు పొద్దులకు వాళ్ళే మర్చిపోతారు. నీకు గుట్ట కావల్లంటే గమ్మునుండు.”

గమ్మునుండడం నాకు కష్టమైన పని కాదు. పుట్టినప్పటి నుంచి చేస్తున్నదే. అయినా ఆ పూట డైరీలో తేదీ వేసి, కింద ఏమీ రాయలేకపోయాను.

తెల్లవారి, చదివిన పుస్తకం మేష్టరుకు ఇచ్చి వస్తానని బయల్దేరాను. బడి ముందర జనం ఉన్నారు. బసప్ప గొంతు వీధి మలుపు దాకా వినబడుతోంది.

“నాలుగు పొద్దులకు ఒక్క పొద్దు ఎండ కాసింది మేష్ట్రే! పదిమందిని బతిమాలి పిల్చుకొని పోతి. ఈ మహానుభావుడు మూడింటికే గంట బారించినాడు. ఇంక ఆ చేనులో గడ్డి మేపుకునేది తప్ప ఏముండాది?”

“మమ్మల్నేల చూస్తావ్ బసప్పా? గంట ఇనపడె, లేస్తిమి,” అంది సిద్దక్క. “నీకు మాత్రం ఇనపడ్లేదా?”

“ఇనపడింది కాబట్టే గదమ్మా అరుస్తాండేది!”

వెనకనున్న ఆడవాళ్ళు నవ్వారు. వీరభద్రప్ప మేష్టరు నవ్వలేదు. “ఏను మారన్నా, నిజం చెప్పు. నేను లేని పొద్దే ఇట్ల ఏమిటికైతాది?”

మారన్న తాత అరుగు కింద నిలబడి ఉన్నాడు. రాత్రంతా నేను కొట్టలేదు, కొట్టలేదు అన్నాడట. ఇప్పుడు మాత్రం తల గోక్కున్నాడు.

“మబ్బు పట్టె సామీ. నీడ పాయె. స్తంభానికి ఒరిగి రోంతసేపు కండ్లు మూసినా. తెరిసేతలికి పిల్లోళ్ళు పరిగెత్తాండ్రి. నేను కొట్టలేదనే అనుకుంటి. అందరూ ఇన్నామంటాండారు గదా. ఊరంతా అబద్ధం చెప్తాదా?” పట్టా ముక్క వైపు చూశాడు. “నిద్దట్లో లేసి కొట్టినానేమో. వయసైపాయె. ఇంగెవురినన్నా చూసుకోండి సామీ.”

చేతిలోని ఇనుప కడ్డీని అరుగు మీద పెట్టాడు. చప్పుడు కాకుండా, నిద్రపోయే పిల్లను పడుకోబెట్టినట్టు పెట్టాడు. పద్నాలుగేళ్ళు పట్టుకున్న చోట ఆ కడ్డీ నున్నబడి మెరుస్తోంది.

గుట్ట బడి కప్పు మీదుగా కనబడుతోంది. నేను దానివైపు చూడలేదు.

“తాత కొట్టలేదు,” అన్నాను.

ఎవరికీ వినబడలేదు. ఇంకోసారి అన్నాను. సిద్దక్క వెనక్కి తిరిగింది. “ఏందో అంటాంది ఈ పాప.”

“సుబ్బరామన్న కూతురు గదా,” అన్నాడు బసప్ప. “గొణగొద్దు తల్లీ, గట్టిగా చెప్పు.”

“తాత కొట్టలేదు బసప్ప మామా. నేను కొట్టినా. గంట కాదు. గుట్ట మీద రాయి.”

ఒక్క క్షణం అందరూ నన్నే చూశారు. తర్వాత బసప్ప పెద్దగా నవ్వాడు. “రాయి గంట ఎట్లైతాదమ్మా? తాత మీద జాలి పుట్టి చెప్తాండాది పాపం.”

ఇంకొక మాట నా నోటి నుంచి వచ్చేట్టు లేదు. పుస్తకం అరుగు మీద పెట్టి బడి వెనక కాలిబాట పట్టుకున్నాను. వెనకాల పిల్లలు వస్తున్న చప్పుడు వినబడుతూనే ఉంది, తిరిగి చూడలేదు. నల్లగుండు తడిగా ఉంది. రాయి తీసుకుని నిన్నటిలాగే ఆగకుండా కొట్టాను. కింద మనుషులు చింతచెట్టు వైపు చూసి, గుట్ట వైపు చూసి, మళ్ళీ చింతచెట్టు వైపు చూడడం పైనుంచి కనిపించింది.

దిగి వచ్చేసరికి మారన్న తాత కడ్డీ చేతిలోకి తీసుకుని పట్టా ముక్కను మెల్లగా తట్టి చెవి ఆనించి వింటున్నాడు. “రోంత తేడా ఉండాదప్పా. నాది బొంగురు. పాప రాయే నాకంటే మేలు.”

“మేలేలే! బండకు మొట్టికాయలేసి నా చేను ఆపేసె గదా ఈ యమ్మ!” అన్నాడు బసప్ప. కోపం చాలావరకు పోయింది గాని పూర్తిగా పోలేదు. “మేష్ట్రే, ఆ రాయి ఇంక ఎవురూ ముట్టుకోకూడదని చెప్పండి.”

“కొట్టనీలే బసప్పా,” అంది సిద్దక్క. “మేమూ రోంత ముందుగా ఇల్లు చేరుకుంటాం.”

మేష్టరు నవ్వు ఆపుకుంటూనే నాతో చెప్పాడు. రాయి కొట్టొద్దని.

నేను ఇంటికి చేరకముందే కబురు చేరింది. అమ్మ తిట్టలేదు. జొన్నలు చెరుగుతూ తలెత్తకుండా అంది, “రాయి కొట్టొద్దన్నారంట. పలకకుండా యాడికి పోతావ్?”

అంతే. గుట్ట పోయింది. ఆ వారం సాయంత్రాలు మిద్దె మీద కూర్చుని గుట్టను చూశాను. దూరం నుంచి అది రాళ్ళ గుట్టే. తోకకప్పలకు ఈ పాటికి కాళ్ళు వచ్చి ఉంటాయి. చేసింది తప్పని మాత్రం ఒక్కసారీ అనిపించలేదు. బడి గంట మోగినప్పుడల్లా ఏదో ఊరటగా ఉండేది, ఏడుపూ వచ్చేది.

శనివారం ఒంటిపూట బడి అయ్యాక మారన్న తాత మా ఇంటికి వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. అవ్వ మజ్జిగ ఇచ్చింది. తాగి, మూతి తుడుచుకుని, లోపలున్న అమ్మకు వినబడేట్టు అన్నాడు.

“నాగలక్ష్మమ్మా, రేపు ఆదివారం. నా గంట పలకదు.”

“అయితే?” అంది అమ్మ వాకిట్లోకి వచ్చి.

“ఆదివారం కూలోళ్ళు పొద్దును చూసి లేస్తారు. ఆ పొద్దు రాయి ఎన్నిసార్లు మోగినా ఎవురూ మోసపోరు. బసప్పకు చెప్పే వచ్చినా. ఆ దినం కొట్టుకోనీలే అన్నాడు.”

“ఊళ్ళో ఏమనుకుంటారో మారన్నా.”

“అనుకునేదంతా అనుకొనె గదా తల్లీ. వారం నుంచి నేను గంట కొడితే చాలు, పిల్లనాకొడుకులు ‘తాతా, ఇది నువ్వా, రాయా?’ అంటాండారు. నా పేరు నిలబెట్టింది నీ కూతురు. ఇంట్లో పెట్టి కూర్చోబెడితే నాకు మజ్జిగ దిగుతాదా?”

“తాగేసినావు గదా!” అంది అవ్వ.

అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్విందో లేదో నాకు కనబడలేదు. “ఆదివారం ఒక్కటే. మూడు దెబ్బలు,” అని లోపలికి పోయింది.

ఆ ఆదివారం అన్నం తినగానే వెళ్ళాను. ఎండ పొడిగా కాస్తోంది. బండ గుంటల్లో నీళ్ళు సగానికి తగ్గాయి. కాళ్ళొచ్చిన కప్పపిల్లలు ఒడ్డెక్కి, నన్ను చూసి మళ్ళీ నీళ్ళలో దూకుతున్నాయి. దురుగమ్మ అవతలి వాలులో మేకల్ని తిడుతోంది. బొమ్మజెముడు పండ్లు ఎర్రబడ్డాయి. ముళ్ళు బండకు రాసి రెండు తిన్నాను.

అమ్మ పిలిచింది. మూడు దెబ్బలు కొట్టి వింటూ నిలబడ్డాను. ఇంటికి రమ్మని ఏమీ అనలేదు. కాసేపటికి మళ్ళీ పిలిచింది. మళ్ళీ కొట్టాను. ఆరబోసిన జొన్నలు లేవు, మబ్బు లేదు, పొద్దు ఇంకా చాలా ఉంది. ఊరికే పిలుస్తోంది.

మూడోసారి పిలిచినప్పుడు రాయి ఎత్తి ఆగాను. నల్లగుండు కింద గడ్డిలోంచి కౌజుపిట్ట ఒకటి బయటికి వచ్చింది. వెనక బొటనవేలంత పిల్లలు ఆరు. తల్లి ఆగితే ఆగుతున్నాయి, నడిస్తే ఉరుకుతున్నాయి. చివరిది బాట దాటి పొదలో దూరేదాకా ఊపిరి బిగబట్టుకుని ఉండి, అప్పుడు కొట్టాను.